సోయాకు సాటి వెతుకులాట: పందుల దాణాలో ఇతర మొక్కల మాంసకృత్తులు

1973 జూన్ 27న అమెరికా ప్రభుత్వం సోయాచిక్కుడు గింజల ఎగుమతిని నిలిపివేసింది. అంతకు ముందు ఏడాది పసిఫిక్ సముద్రంలో ఎల్ నీన్యో వచ్చి, పెరూ తీరంలో ఆంచోవీ చేపలు కనబడకుండా పోయాయి. ఆ చేపలను ఎండబెట్టి పొడిచేసిన పిండి అప్పట్లో కోళ్ళ దాణాకూ పందుల దాణాకూ ముఖ్యమైన దినుసు. అది దొరక్కపోయేసరికి దాణా వ్యాపారమంతా ఒక్కసారిగా సోయా మీద పడింది. ధర బుషెలుకు 12 డాలర్లు దాటింది. దేశంలో మాంసం ధరలు మండిపోతూంటే నిక్సన్ ప్రభుత్వం తన రైతులు పండించిన పంటను గడప దాటనివ్వలేదు. సంపూర్ణ నిషేధం నడిచింది కొద్ది రోజులే. ఆ పైన కొన్నాళ్ళు లైసెన్సుల పద్ధతి నడిచింది. కానీ సోయా కోసం దాదాపు పూర్తిగా అమెరికా మీదే ఆధారపడిన జపానును భయపెట్టడానికి ఆ కొద్ది రోజులే చాలాయి. ఆ దశాబ్దం ముగిసేలోగా జపాను పెట్టుబడి బ్రెజిల్‌లోని సెరాదో పచ్చికబయళ్ళకు చేరింది. ఇప్పుడు సోయా ఉత్పత్తిలోనూ ఎగుమతిలోనూ ప్రపంచంలో మొదటి స్థానం బ్రెజిల్‌ది.

సోయా దొరకనివాడికి రెండు దారులు. వేరేచోట సోయా పండించుకోవడం ఒకటి. సోయా లేకుండా బతకడం నేర్చుకోవడం రెండోది. వ్యాపారంలో గెలిచింది మొదటి దారి. ఇవాళ ప్రపంచంలో పశువులూ కోళ్ళూ పందులూ చేపలూ తినే నూనెగింజల చెక్కలన్నిటిలో దాదాపు 70 శాతం సోయా చెక్కే. రెండో దారిలో పని అంతగా కంటికి కనబడదు. కెనడా ప్రెయిరీలలో, ఐరోపాలో, చైనాలో, టెక్సస్‌లో విడివిడిగా జరిగిన ఆ పని సారాంశం చెప్పాలంటే ఇది: సోయా స్థానాన్ని ఏ ఒక్క పంటా తీసుకోలేదు; దాణాను లెక్కగట్టే పద్ధతి మారిన చోటనే సోయా అవసరం తగ్గింది. ఆ లెక్క ఏమిటో, అది ఎందుకు అంత ఆలస్యంగా కుదిరిందో చూద్దాం.

గింజను గానుగాడి నూనె తీయగా మిగిలినదాన్ని మనం చెక్క అంటాం, పిండి అంటాం. నువ్వులదైతే తెలగపిండి, మునగాకు వేసి కూర వండి బాలింతలకు పెట్టే అలవాటు కోస్తా జిల్లాలలో ఇప్పటికీ ఉంది. నేటి మిల్లులలో గానుగ బదులు హెక్సేన్ అనే ద్రావణిలో గింజను నానబెట్టి నూనెను ఆఖరి బొట్టుదాకా లాగేస్తారు. తెలుగునాట కోళ్ళఫారాలవాళ్ళు డీఓసీ అనే పొట్టిపేరుతో పిలిచే సోయా సరుకు అదే. నూనె వెళ్ళిపోయిన కొద్దీ మిగిలినదానిలో మాంసకృత్తులు చిక్కబడతాయి. పొట్టు తీసిన సోయా చెక్కలో అవి 47, 48 శాతం; వేరుశనగ చెక్కలోనూ ఇంచుమించు అంతే; పత్తి గింజల చెక్కలో 40 దాకా; కనోలా చెక్కలో 36, 37. ఈ అంకెలు మాత్రమే చూస్తే సోయాకు పోటీదారులు చాలామందే ఉన్నారనిపిస్తుంది. అక్కడే పప్పులో కాలు పడుతుంది.

పందికి కావలసినది

ఆవూ గేదే నెమరువేసే జంతువులు. వాటి మొదటి పొట్టలో నివసించే సూక్ష్మజీవులు నాసిరకం మాంసకృత్తులనే కాదు, ఉట్టి యూరియాను కూడా తమ ఒంటి పదార్థంగా మార్చుకుంటాయి. తరవాత ఆ సూక్ష్మజీవులను ఆవు జీర్ణించుకుంటుంది. పందికి ఇలాంటి దళారీ లేడు. మన పొట్ట వంటిదే దాని పొట్ట. అది తిన్నదానిలో ఏ అమైనో ఆమ్లాలు ఉన్నాయో, పేగులో విడివడి రక్తంలో చేరేవి వాటిలో ఎన్నో, అవే దానికి దక్కుతాయి.

మాంసకృత్తులను కట్టే అమైనో ఆమ్లాలు 20. వాటిలో సగానికి దగ్గరగా పంది తనంతట తాను చేసుకోలేదు. మొక్కజొన్న, గోధుమ, బార్లీ వంటి ధాన్యాలు ప్రధానంగా తినే పందికి మొట్టమొదట కరువయ్యేది లైసిన్. మనకు ఇది అన్నం-పప్పు వ్యవహారమే. బియ్యంలో లైసిన్ తక్కువ, కందిపప్పులో ఎక్కువ. కందిపప్పులో గంధకం ఉన్న మెథియొనీన్ తక్కువ, బియ్యంలో నయం. రెండూ ఒక కంచంలో కలిస్తే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. ఉట్టి అన్నం ఎంత తిన్నా లైసిన్ లోటు పూడదు సరికదా, వాడుకకురాని మిగతా అమైనో ఆమ్లాలను శరీరం విరగ్గొట్టి నత్రజనిని మూత్రంలో వదిలేస్తుంది. పందుల కొట్టంలో ముక్కు బద్దలుకొట్టే అమోనియా వాసనలో కొంత భాగం ఇలా వృథా అయిన మాంసకృత్తులదే.

అమెరికా జాతీయ పరిశోధన మండలి 2012లో ప్రచురించిన పందుల పోషణ ప్రమాణాల ప్రకారం 25 నుంచి 50 కిలోల మధ్య ఉన్న పంది దాణాలో అరిగే లైసిన్ 0.98 శాతం ఉండాలి. వంద కిలోలు దాటాక 0.61 చాలు. మొక్కజొన్నలో ఉన్న మొత్తం లైసిన్ 0.25 శాతం. ఈ ఖాళీని పూడ్చడానికే దాణాలో చెక్క వేసేది. మరి ఏ చెక్క మాంసకృత్తులలో లైసిన్ ఎంత? వంద గ్రాములకు సోయాలో ఆరు గ్రాములకు పైన, కనోలాలో ఐదున్నర, పత్తిలో నాలుగు, వేరుశనగలో మూడున్నర, నువ్వులలో రెండున్నర. బఠాణీలలో మాత్రం ఏడు. మాంసకృత్తుల మొత్తంలో సోయాతో సరితూగిన వేరుశనగ లైసిన్ దగ్గరకు వచ్చేసరికి సగానికి పడిపోయింది.

ఇంకొక మెట్టు ఉంది. తిన్న లైసిన్ అంతా అరగదు. పేడలో మిగిలినదాన్ని కొలిస్తే సరిపోతుందని చాలాకాలం అనుకున్నారు. కానీ పెద్దపేగులోని సూక్ష్మజీవులు తమ వాటా తాము తినేస్తాయి; అక్కడ మాయమైన లైసిన్ పందికి చేరినట్టు కాదు. అందుకని పరిశోధకులు చిన్నపేగు చివర ఒక చిన్న గొట్టం అమర్చి, పెద్దపేగులోకి పోబోయే ద్రవాన్ని పట్టి కొలవడం మొదలుపెట్టారు. ఆ కొలత ప్రకారం సోయా చెక్కలోని లైసిన్‌లో 89 శాతం పందికి అందుతుంది, కనోలాలో 74, పత్తిలో 63.

ఇప్పుడొక చిన్న లెక్క. వంద కిలోల సోయా చెక్కలో అరిగే లైసిన్ 2.63 కిలోలు. వంద కిలోల కనోలా చెక్కలో 1.53. మాంసకృత్తుల మొత్తం సమానంగా ఉండాలని ఎవరైనా వంద కిలోల సోయా తీసి 127 కిలోల కనోలా వేశాడనుకుందాం. అతని కాగితం మీద లెక్క సరిపోయింది. పందికి మాత్రం లైసిన్ 1.95 కిలోలే అందింది. నాలుగో వంతు కొరత. పంది ఎదుగుదల తగ్గుతుంది, కొవ్వు పెరుగుతుంది, "కనోలా పందికి పనికిరాదు" అన్న మాట పుడుతుంది. పాతకాలపు ప్రయోగాలలో ప్రత్యామ్నాయ దినుసులకు వచ్చిన చెడ్డపేరులో కొంత వాటి స్వభావానిది కాదు, ఈ లెక్కది.

ఆవాల ఘాటు, థైరాయిడ్ గ్రంథి

కొంత అన్నాను గాని, స్వభావం సంగతీ తక్కువది కాదు. గింజ మొక్కకు బిడ్డ. దాన్ని పురుగులూ పక్షులూ తినకుండా ప్రతి మొక్కా ఏదో ఒక విషమో చేదో గింజలో దాస్తుంది. సోయా ఇందుకు మినహాయింపు కాదు. పచ్చి సోయాలో ట్రిప్సిన్ అనే జీర్ణరసాన్ని పట్టి బంధించే పదార్థం ఉంది. దాన్ని తిన్న జంతువు కడుపునిండా మాంసకృత్తులు పెట్టుకొని కూడా ఎదగదు. ఉడికించిన సోయా తిన్న ఎలుకలు బాగా పెరుగుతాయని ఆస్బర్న్, మెండెల్ 1917లోనే చూపించారు. సోయా విషానికి వేడి చాలు. అది ఆ పంటకు పట్టిన అదృష్టం. అయితే వేడి ఎక్కువైతే లైసిన్ చక్కెరలతో ముడిపడిపోయి చెక్క ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది; ప్రయోగశాలలో కొలిస్తే లైసిన్ కనబడుతూనే ఉంటుంది, పందికి మాత్రం అందదు. తక్కువ కాలిస్తే విషం, ఎక్కువ కాలిస్తే వృథా. చెక్కలన్నిటి తయారీలోనూ ఉన్న చిక్కు ఇదే.

కనోలా కథ ఇంకా ఆసక్తికరమైనది. అది ఆవాల కుటుంబపు మొక్క. ఆవకాయ పెట్టినవారికి దాని రసాయనశాస్త్రం తెలిసే ఉంటుంది. పొడిగా ఉన్నంతసేపు ఆవపిండి ఉలకదు, పలకదు. తడి తగిలిందా, ముక్కు అదిరిపోతుంది. గింజలో గ్లూకోసినోలేట్లు అనే గంధకపు పదార్థాలు ఒక అరలో, మైరోసినేజ్ అనే ఎంజైము మరొక అరలో ఉంటాయి. గింజ నలిగి తడిసినప్పుడు రెండూ కలుస్తాయి, ఘాటు పుడుతుంది. మనం కోరి తెచ్చుకునే ఆ ఘాటు మొక్కకు ఆయుధం. అన్నంలో కలుపుకునే కాస్త ఆవపిండికి ఏమీ కాదు. రోజూ తిండిలో అయిదో వంతు ఈ గింజల చెక్కే అయితే, గ్లూకోసినోలేట్లు విరగ్గా వచ్చిన పదార్థాలు థైరాయిడ్ గ్రంథికి అయొడిన్ అందకుండా అడ్డుపడతాయి. గ్రంథి ఉబ్బుతుంది, ఎదుగుదల ఆగుతుంది. దానికి తోడు చేదు. పందులు తొట్టి దగ్గరకు వచ్చి వాసన చూసి తిరిగిపోతాయి.

రెండో ప్రపంచయుద్ధకాలంలో కెనడా రైతులు రేప్ అనే ఈ పంటను పెంచింది తిండికి కాదు. దాని నూనె తడిసిన లోహానికి కూడా అంటుకొని ఉంటుంది కనుక ఓడల ఆవిరియంత్రాలకు కందెనగా వాడారు. యుద్ధం ముగిసి, ఆవిరి ఓడలు డీజిలుకు మారాక పంటకు గిరాకీ పోయింది. వంటకు వాడదామంటే నూనెలో ఎరూసిక్ ఆమ్లం. మేతకు వాడదామంటే చెక్కలో గ్లూకోసినోలేట్లు. ఈ రెంటినీ తీసేసే పని ఇద్దరు ప్రజననశాస్త్రవేత్తలు నెత్తికెత్తుకున్నారు. ఒకరు మానిటోబా విశ్వవిద్యాలయంలో బాల్డర్ స్టెఫాన్సన్, ఐస్‌లాండ్ నుంచి వలసవచ్చిన కుటుంబంవారు. మరొకరు సస్కటూన్‌లో ప్రభుత్వ పరిశోధనశాలలో పనిచేసిన కీత్ డౌనీ. ఆవగింజంత గింజను రెండుగా చీల్చి, ఒక బద్దలోని నూనెను పరీక్షించి, అది బాగుంటే మిగిలిన బద్దను మొలకెత్తించి మొక్కగా పెంచే పద్ధతిని డౌనీ బృందం 1960లలో కనిపెట్టింది. ఆ పనికి ఎంత ఓపిక కావాలో ఊహించుకోవలసిందే. గ్లూకోసినోలేట్లు తక్కువగా ఉన్న జన్యువు పోలండ్‌కు చెందిన బ్రొనోవ్‌స్కీ అనే రకంలో దొరికింది. 1974లో రెండు దోషాలూ తగ్గిన మొదటి రకం 'టవర్'ను స్టెఫాన్సన్ విడుదల చేశారు. 1978లో దీనికి కనోలా అని పేరు నమోదైంది. నూనె తీసిన చెక్కలో గ్రాముకు 30 మైక్రోమోళ్ళ కంటే తక్కువ గ్లూకోసినోలేట్లు ఉంటేనే ఆ పేరు చెల్లుతుంది. పాత రేప్‌లో వంద, ఆపైన ఉండేవి. ఇప్పటి కెనడా పంటలో సాధారణంగా 30లో సగం కూడా ఉండవు. ఇదంతా జన్యువులను బయటినుంచి చొప్పించే విద్య పుట్టకముందు, చేత్తో సంకరం చేసి సాధించినది.

విషం పోయినా అనుమానం పోలేదు. పాలు మానిన పందిపిల్లల దాణాలో కనోలా చెక్క చాలా కొద్దిగానే వాడాలనే సలహా దశాబ్దాలపాటు నడిచింది. అందుకు మిగిలిన కారణం పీచు. కనోలా గింజ చాలా చిన్నది కాబట్టి దానిలో పొట్టు వాటా ఎక్కువ. చెక్కలో పీచు సోయా చెక్కలో కంటే దాదాపు మూడు రెట్లు. పీచును పెద్దపేగులో పులియబెట్టి పంది కొంత శక్తి సంపాదిస్తుంది గాని, ఆ క్రమంలో చాలా భాగం ఒంటివేడిగా పోతుంది. అదనపు మాంసకృత్తులను విరగ్గొట్టడంలోనూ ఇంతే. ఆ వేడిని తీసివేయకుండా శక్తిని లెక్కగడితే పీచున్న దినుసుకు లేని గొప్ప అంటగట్టినట్టవుతుంది. వేడి పోగా మిగిలే నికరశక్తిని లెక్కించే సూత్రాలను ఫ్రాన్సులోని ఇన్రా సంస్థ పరిశోధకులు 1990లలో రూపొందించారు.

పందికి అందే లైసిన్ ఎంతో, దక్కే నికరశక్తి ఎంతో ఈ రెండు కొలతలూ చేతికి వచ్చాక ప్రయోగం తిరగరాయడం సాధ్యమైంది. 2011లో అల్బర్టా విశ్వవిద్యాలయ బృందం పాలు మానిన పందిపిల్లల దాణాలో సోయా తగ్గిస్తూ కనోలా చెక్కను 20 శాతం దాకా పెంచింది. ప్రతి దాణాలోనూ నికరశక్తి, అరిగే అమైనో ఆమ్లాలు సమానంగా ఉండేట్టు కొద్దిగా నూనె, కొద్దిగా లైసిన్ పొడి సర్దింది. పిల్లల ఎదుగుదలలో తేడా రాలేదు. నా దృష్టిలో ఈ రంగంలో గుర్తుంచుకోవలసిన ఫలితం ఇదే. అదే చెక్క, అదే పంది. మారింది కొలబద్ద.

బఠాణీ, పత్తి, వేరుశనగ

కనోలా పండే సస్కచెవాన్‌లోనే పసుపు బఠాణీలూ పండుతాయి. భారతదేశంలో శనగపిండిలో కల్తీకీ, కొన్నిచోట్ల శనగపప్పుకు బదులుగానూ వాడేది వీటినే. 2017 నవంబరులో భారత ప్రభుత్వం వీటి మీద 50 శాతం సుంకం వేసింది. 2023 డిసెంబరులో మళ్ళీ సుంకం లేకుండా రానిచ్చింది. తలుపు మూసుకున్న రోజుల్లో ఇలాంటి పంటకు ఇంటి దగ్గర ఉండే ఆసరా పందుల తొట్టి. బఠాణీలలో మాంసకృత్తులు 22 శాతమే అయినా లైసిన్ దండి. మెథియొనీన్ మాత్రం తక్కువ. కనోలాలో అది ఎక్కువ. రెండూ కలిపితే మన అన్నం-పప్పు జత మళ్ళీ కుదురుతుంది. బఠాణీలకు నూనె మిల్లు కూడా అవసరం లేదు, రైతు తన పొలంలోనే మరపట్టి వాడుకోవచ్చు.

పత్తి గింజల సంగతి వేరు. గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ ప్రాంతాలలో పత్తి చెక్క పాడిగేదెలకు ఇష్టమైన మేత. పత్తి మొక్క ఒళ్ళంతా నల్లటి చుక్కల్లా కనబడే గ్రంథుల నిండా గాసిపోల్ అనే పసుపుపచ్చని విషం ఉంటుంది. గేదె మొదటి పొట్టలో అది చాలామటుకు మాంసకృత్తులకు అంటుకొని నిరపాయమవుతుంది. పందిలో గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది, ఊపిరాడక చస్తుంది. పంది దాణాలో విడిగా ఉన్న గాసిపోల్ పది లక్షల పాళ్ళలో వంద మించరాదని నియమం. ఇనుపలవణం కలిపి గాసిపోల్‌ను బంధించే ఉపాయం ఒకటుంది. వేడిచేసి బంధించే ఉపాయం మరొకటి. కానీ వేడిలో గాసిపోల్ వెళ్ళి అంటుకునేది ఎవరిని? లైసిన్‌నే. విషాన్ని అణచిన కొద్దీ, దేనికోసం ఈ చెక్క వాడుతున్నామో అదీ పోతుంది. పత్తి చెక్కలో లైసిన్ 63 శాతమే అందడానికి ఇదొక కారణం.

గ్రంథులు లేని పత్తిని 1950లలోనే అమెరికాలో తయారుచేశారు. గింజ తినదగినదే అయింది గాని, ఆయుధం పోయిన మొక్కను పురుగులు వదల్లేదు. గింజలో మాత్రమే గాసిపోల్ లేకుండా, ఆకులోనూ కాడలోనూ ఉంచగలిగినవారు టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో పనిచేసే కీర్తి రాథోడ్, ఆయన సహచరులు. గింజలో గాసిపోల్ తయారుచేసే జన్యువు గొంతు నొక్కే పద్ధతిని వాళ్ళు 2006లో ప్రకటించారు. అమెరికా వ్యవసాయశాఖ 2018లో సాగుకు, ఆహార ఔషధ సంస్థ 2019లో తిండికీ మేతకూ అనుమతించాయి. శాస్త్రం పన్నెండేళ్ళు ముందే పూర్తయినా పొలాలలో ఆ పత్తి ఇంకా విస్తరించలేదు. రైతు పత్తి వేసేది దూది కోసం; గింజ మంచిదైనంత మాత్రాన అతను విత్తనం మార్చడు. ఉప ఉత్పత్తిని నమ్ముకున్నవాడి మాట పంట వేసేవాడి దగ్గర చెల్లదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

వేరుశనగ చెక్కకు లైసిన్ కొరతతో పాటు బూజు బెడద ఉంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అంతుచిక్కని జబ్బుతో చచ్చిపోయాయి. వెతగ్గా వెతగ్గా కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో దొరికింది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పేరుమీద ఆ విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. కాయ ఊరే దశలో వాన లేక నేల ఎండితే ఈ బూజు పొలంలోనే పడుతుంది. అనంతపురం వంటి జిల్లాలకు ఇది ఎందుకు పెద్ద సమస్యో, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ దీని మీద ఎందుకు ఏళ్ళ తరబడి పనిచేస్తూ వచ్చిందో వేరే చెప్పక్కరలేదు. ఈ విషం వేడికి లొంగదు.

తొట్టిలో పుట్టిన లైసిన్

పైన అల్బర్టా ప్రయోగంలో లైసిన్ పొడి సర్దారన్నాను. నిజానికి సోయాకు అతిపెద్ద ప్రత్యామ్నాయం ఆ పొడే. 1950లలో జపానులోని క్యోవా హక్కో సంస్థ కొరైనెబాక్టీరియం అనే సూక్ష్మజీవి చక్కెరను మేసి అమైనో ఆమ్లాలను బయటికి వదులుతుందని కనిపెట్టింది. అక్కడినుంచి లైసిన్ పెద్దపెద్ద తొట్లలో పులియబెట్టే సరుకయింది. దాణా తయారుచేసేవాళ్ళకు ఒక మోటు లెక్క ఉంది: మూడు కిలోల లైసిన్ పొడి, 97 కిలోల మొక్కజొన్న కలిపితే వంద కిలోల మామూలు సోయా చెక్క పని చేస్తుంది. ఈ పొడి ఎంత విలువైనదో తెలియాలంటే 1990లలో నడిచిన కుట్ర చూడాలి. లైసిన్ ధరను కూడబలుక్కొని పెంచిన నేరాన్ని 1996లో ఒప్పుకొన్న ఏడీఎం సంస్థ, సిట్రిక్ ఆమ్లంలో చేసిన ఇలాంటి నేరంతో కలిపి 10 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. 2009లో వచ్చిన 'ది ఇన్‌ఫార్మెంట్!' అనే హాలీవుడ్ సినిమా ఆ కథే. మ్యాట్ డేమన్ అందులో ఆందోళన పడుతున్నది పందుల మేత గురించని చూసినవారిలో ఎందరికి గుర్తుందో.

లైసిన్ పొడి మరొక మేలు చేసింది. లోటును నేరుగా పూడ్చగలిగితే, ఆ లోటు కోసం మిగతా అమైనో ఆమ్లాలను మోతాదుకు మించి పెట్టనవసరం లేదు. దాణాలో మాంసకృత్తులు ఒక శాతం పాయింటు తగ్గితే పంది విసర్జించే నత్రజని సుమారు 8 నుంచి 10 శాతం తగ్గుతుంది. నెదర్లాండ్స్, డెన్మార్క్ వంటి ఇరుకు దేశాలకు సోయా ధర కన్నా ఇది ముఖ్యం. అయితే దీనికీ హద్దు ఉంది. లైసిన్ తీరాక థ్రియొనీన్, మెథియొనీన్, ట్రిప్టోఫాన్, ఆపైన వాలీన్, ఐసోల్యూసీన్ వరసగా కరువవుతాయి. అన్నీ పొడులుగా దొరుకుతాయి గాని ఒక్కొక్కదానికి ఖర్చు పెరుగుతూ పోతుంది. ఇలాంటిదే మరొక తోడు ఫైటేజ్ అనే ఎంజైము. గింజలలో భాస్వరం చాలావరకు ఫైటేట్ రూపంలో తాళం పడి ఉంటుంది; పందికి ఆ తాళంచెవి లేదు. 1990లలో ఆ ఎంజైము దాణా మార్కెట్టులోకి వచ్చాక కనోలా చెక్కలోని భాస్వరం కూడా లెక్కలోకి వచ్చింది.

ఈ పరిజ్ఞానాన్నంతా ప్రభుత్వ విధానంగా మార్చినది చైనా. 2018 జులైలో అమెరికా సోయా మీద ఎదురు సుంకం వేసినప్పుడు తన పందులు ఎవరి చేతిలో ఉన్నాయో దానికి తెలిసివచ్చింది. దాణాలో సోయా చెక్క వాటాను 2025కల్లా 13 శాతం లోపుకు తేవాలని 2023లో అక్కడి వ్యవసాయశాఖ మూడేళ్ళ ప్రణాళిక ప్రకటించింది. 2022లో అది 14.5 శాతం. చూడడానికి చిన్న తేడా. అంత పెద్ద దేశపు దాణాలో అది లక్షల టన్నుల సోయా. ప్రపంచంలో తయారయ్యే లైసిన్‌లో అధిక భాగం చైనాదే కనుక ఈ దారి దానికి సుళువు. మిగతా దేశాలకు మాత్రం ఇది బ్రెజిల్ మీద ఆధారపడడం మాని చైనా మీద ఆధారపడడమే అవుతుంది. ప్రత్యామ్నాయం అన్న మాటను ఈ కోణంలోనూ తూచాలి.

చెక్కల విషయమూ అంతే. అవన్నీ దేనికో పండించిన పంట తాలూకు మిగులు. కనోలా చెక్క ఎంత వస్తుందన్నది పందులవాడు తేల్చడు. నూనె ధర తేలుస్తుంది. ఉత్తర అమెరికాలో కనోలా నూనెతో డీజిలు చేయడానికి ప్రోత్సాహకాలు వచ్చాక సస్కచెవాన్‌లో కొత్త నూనె మిల్లులు కట్టడానికి సంస్థలు ముందుకొచ్చాయి. లారీలకు ఇంధనం కోసం తీసిన నిర్ణయం పంది దాణాను మారుస్తుంది. అడవులు నరికిన నేలల సోయాను రానివ్వకూడదని ఐరోపా సమాజం 2023లో చేసిన చట్టం మరోవైపు నుంచి ఇదే పని చేయవచ్చు. పిచ్చిఆవు జబ్బు తరవాత 2001లో నిషేధించిన జంతువుల మాంసకృత్తులలో, కోళ్ళవాటిని పందులకు పెట్టడానికి 2021లో మళ్ళీ అనుమతించింది కూడా ఆ సమాజమే.

పంది గురించి మనకెందుకని తెలుగు పాఠకులు అనుకోనక్కరలేదు. కోడిదీ ఒంటిపొట్టే, దాని లెక్కా ఇంచుమించు ఇదే. 2021లో దేశంలో సోయా చెక్క ధర పేలిపోయినప్పుడు, జన్యుమార్పిడి సోయాను పొలంలో పండించనివ్వని భారత ప్రభుత్వమే జన్యుమార్పిడి సోయా చెక్కను 12 లక్షల టన్నులు దిగుమతి చేసుకోవడానికి ఆగస్టులో అనుమతి ఇవ్వవలసివచ్చింది. ఆ ధరల దెబ్బ తగిలినవారిలో ఆంధ్ర, తెలంగాణ కోళ్ళరైతులూ ఉన్నారు. సోయా చెక్క కలిసిన మేత కొనే కోస్తా రొయ్యల చెరువులవారూ ఉన్నారు.

2025లో ప్రెయిరీల పరిస్థితి మరీ విచిత్రంగా మారింది. చైనా విద్యుత్ కార్ల మీద కెనడా వేసిన సుంకానికి బదులుగా, 2025 మార్చిలో చైనా కెనడా సరుకుల మీద సుంకాలు ప్రకటించింది. ఆ జాబితాలో కనోలా చెక్క మీద 100 శాతం, బఠాణీల మీద 100 శాతం, పంది మాంసం మీద 25 శాతం. మొదటి రెండూ మూడోదానికి మేత. ఓడ ఎక్కని చెక్క సస్కచెవాన్‌లోనే చవకైతే, మానిటోబా పందుల రైతు దాన్ని ఎంత ధరకు కొనవచ్చు? అరిగే లైసిన్ ఒక్కటే చూస్తే సోయా ధరలో 58 శాతానికి. లైసిన్ పొడి చవకగా దొరికితే ఇంకాస్త ఎక్కువకు. ఆ దాణా తిన్న పంది ఎక్కడ అమ్ముడుపోతుందన్నది మాత్రం దాణా లెక్కలో లేదు.